కట్టినోళ్ళు ఊర్లోనే ఉండారు

ఫిబ్రవరి 9, 2025. ఆదివారం

నాయన కట్టించిన మిద్దె ఇంక నిలవదని తేలిపోయింది. నట్టింటి దూలం చెదలు తినేసింది. పడమటి గోడ ఉబ్బి బయటికొచ్చింది. కువైట్ నుంచి తమ్ముడు ఫోన్లో "కొట్టేద్దాం అన్నా, పిల్లర్లేసి కట్టుకుందాం" అన్నాడు. డబ్బులో పెద్ద వాటా వాడిది, దగ్గరుండి చేయించే పని నాది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో లేస్తున్న మేడల లెక్క చాలావరకు ఇంతే. దినార్లు అక్కడినుంచి వస్తాయి, ఎండలో నిలబడేవాళ్ళు ఇక్కడ ఉంటారు.

పని ఎవరికియ్యాలనేదే తేలాల్సింది. కడపలో ఒక బిల్డరు రంగుల పుస్తకం చేతికిచ్చినాడు. అందులో మా ఇంటి ముందర అప్పుడే పచ్చిక కూడా మొలిచింది. ఇంకోపక్క వేంపల్లెలో మూడు తరాలుగా ఇదే పనిలో ఉన్న ఒక కుటుంబం ఉంది. బోర్డు మీద కంపెనీ పేరు, 'క్లాస్-1 కాంట్రాక్టర్' అనే అక్షరాలు ఉన్నా ఊర్లో మాత్రం అందరూ 'మేస్త్రీ వాళ్ళు' అనే అంటారు. ఈ రోజు వాళ్ళ యార్డు చూసొచ్చినాను.

యర్రగుంట్ల పోయే రోడ్డు పక్కన ప్రహరీ గోడ, లోపల రేకుల షెడ్డు. ఒకవైపు సెంట్రింగ్ రేకులు, జాకీలు, సర్వి కట్టెలు కొలత ప్రకారం పేర్చినారు. ఇంకోవైపు రెండు మిల్లర్లు, వైబ్రేటర్లు, చక్రం ఊడిన పాత ట్రాలీ. వెనక హాలో బ్రిక్స్ పోసే మిషను. పదహారు, ఎనిమిది, ఆరు అంగుళాల సైజు ఇటుకలు నీడలో వరసగా తడుస్తున్నాయి. ఒక ముసలామె పైపు పట్టుకుని వాటికి నీళ్ళు కొడుతోంది. యార్డు మొత్తంలో ఆమె ఒక్కతే తీరిక లేకుండా ఉంది.

పెద్దాయన వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చొని ఉన్నాడు. వాళ్ళ నాయన మట్టి మిద్దెలు కట్టిన బేల్దారి. ఈయన వయసులో ఉన్నప్పుడు మైలవరం డ్యాం పనికి పోయి, కాంక్రీటంటే ఏందో అక్కడ చూసొచ్చినాడంట. మా ఊరి పేరు చెప్తూనే అడిగినాడు:

"చింతమాను పక్కన మిద్దె గదా సార్? తూర్పు వాకిలి. దాన్ని మా నాయనే కట్టినాడు. దూలానికి మీ అబ్బ వేపమాను కొట్టిచ్చినాడు. ఎక్కువ రోజులు నీళ్ళల్లో నానేయలేదు, అందుకే చెద పట్టింటుంది."

దూలం చెడిపోయిందని నేనింకా చెప్పనేలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

పెద్దాయన తన తండ్రి పని గురించి చెప్పిన మాటలు మరవకముందే రాసుకోవాలి. రాయీ మట్టీ కలిపి రెండడుగుల మందం గోడలు. మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద చెక్కలు, వాటి మీద గడ్డి, గడ్డి మీద మట్టి. అన్నిటికంటే పైన చౌడు. వానలకు ముందు ఏటేటా కొత్త చౌడు తెచ్చి పోసుకోవాల. ఉప్పున్న ఆ మన్ను మొదటి చినుకులకే మెత్తబడి, సందులన్నీ తనే పూడ్చుకుని, నీళ్ళను కిందికి దిగనీయదు. పొలంలో పంట పండనీయని గుణమే మిద్దె మీద పనికొచ్చింది.

అదే ఉప్పు ఇప్పుడు ఈ కంపెనీకి మొదటి శత్రువు. ఆ సంగతి ఆఫీసులో తెలిసింది. ఆఫీసంటే ఇంటి ముందరి గది. నడిపేది పెద్దకోడలు, బీటెక్ సివిల్ చదివింది. పెద్దకొడుకు సైట్లు చూసుకుంటాడు, చిన్నకొడుకు క్రషరు, టిప్పర్లు చూసుకుంటాడు. కాగితం మీదికి ఎక్కేదంతా ఈమె చేతి మీదుగానే ఎక్కుతుంది.

బీరువాలో కొత్త బోర్ల నీళ్ళ సీసాలు, వాటికి అంటించిన చీటీలు. "కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం లీటరు నీళ్ళలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటితే కమ్మి ఉండే కాంక్రీటుకు వాడకూడదు సార్. ఇక్కడ కొన్ని బోర్లు దాటతాయి. ఉప్పు లోపలికి పోతే కమ్మి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. బయటికి కనపడే లోపల పదేళ్ళు గడిచిపోతాయి" అంది. అందుకే మంచి నీళ్ళ ట్యాంకరు ఖర్చు ఎస్టిమేటులో విడిగా రాస్తుందంట. పక్క కాంట్రాక్టరు ఆ గీత రాయడు, వాడి రేటు తక్కువగా కనపడుతుంది.

అక్కడే ఒక మూల చేత్తో కొట్టే ప్రెస్సు ఉంది. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు దిమ్మెలు పోసి, నీళ్ళలో నానబెట్టి, 7వ రోజు కొన్నిటిని, 28వ రోజు కొన్నిటిని అందులో పెట్టి నలుపుతారు. ఎం-20 కాంక్రీటయితే ఒక్కో దిమ్మె దాదాపు 46 టన్నుల బరువు ఓర్చుకోవాల. ప్రభుత్వ పనికి దిమ్మెల పరీక్ష ఎలాగూ తప్పదు. ఈమె సొంత ఇండ్లు కట్టించుకునేవాళ్ళ స్లాబులకు కూడా పోయిస్తోంది. ఎవరూ అడగరు. రిజిస్టరు మాత్రం ఉంది.

డబ్బు సంగతి అడిగితే నవ్వింది. పనుల్లో సగం ప్రభుత్వానివి. సీసీ రోడ్లు, కాలవలు, బడి గదులు. ఎం-బుక్కులో కొలతలు ఎక్కినా బిల్లు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇండ్ల పనుల్లో డబ్బు బేస్‌మట్టానికి ఇంత, లింటలుకు ఇంత, స్లాబుకు ఇంత అని విడతలుగా వస్తుంది. ఈ డబ్బుతో ఆ పని, ఆ బిల్లుతో ఈ పని. రెండూ ఒకేసారి ఆగితే నగలు బ్యాంకుకు పోతాయి. "మా అత్తవి రెండుసార్లు, నావి ఒకసారి పోయినాయి" అంది. పుస్తకంలో ఆస్తుల కింద ఆ నగలు రాయలేదు. కంపెనీ నిలబడింది మాత్రం వాటి మీదే.

ఫిబ్రవరి 16, ఆదివారం

చిన్నకొడుకు జీపులో క్రషరుకు తీసుకుపోయినాడు. పాపాఘ్ని ఏటి వెంబడి దక్షిణానికి, గండి దాటి చక్రాయపేట వైపు. గండిలో ఏరు కొండను నిలువునా చీల్చుకుని వచ్చే చోట ఆగి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాం. రాముడు బాణం మొనతో గీసినాడని చెప్పే మూర్తి. ఒకప్పుడు సీడెడ్ జిల్లాల కలెక్టరుగా చేసిన మన్రోకు ఇక్కడ కొండల నడుమ బంగారు తోరణం కనపడిందని కథ.

గండికి ఇటుపక్క ఒక రాయి, అటుపక్క ఒక రాయి. వేంపల్లె కింద ఉన్నది పొరలు పొరలుగా ఉండే డోలమైటు సున్నపురాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాసి, ఈ పొరలకు వేంపల్లె పేరే పెట్టినాడు. వయసు 190 కోట్ల ఏండ్లకు పైమాట. సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చిన వంకీల గుర్తులు ఇప్పటికీ అందులో ఉన్నాయి. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నది కూడా ఈ పొరల్లోనే. గండి అవతల అంతకంటే పాతదైన గ్రానైటు. కంకరకు వీళ్ళు వాడేది అదే.

క్రషరు దగ్గర మాట వినపడదు. పెద్ద రాయి దవడల్లో పడి, బెల్టు మీదెక్కి, జల్లెళ్ళు దాటుకుని 40, 20, 12, 6 మిల్లీమీటర్ల కంకరగా, చివరికి డస్టుగా వేర్వేరు కుప్పల్లో పడుతుంది. ఆ డస్టును కడిగితే రోబో ఇసుక. ఏటి ఇసుక ఉచితమని 2024 జులైలో ప్రభుత్వం చెప్పినా, ఎత్తుడు కూలి, బండి బాడిగ కట్టుకుంటే ఇంటికి చేరేసరికి ఉచితం మిగలదు. పునాదికి, గోడలకు రోబో, ప్లాస్టరింగుకు ఏటి ఇసుక. ఇదీ వీళ్ళ లెక్క.

మిషన్ల దగ్గర బీహారు, ఒడిశా పిల్లలు. మన పిల్లలు కువైట్లో ఇదే పని చేస్తుంటే, ఇక్కడికి వాళ్ళొచ్చినారు.

దిగువన చీనీ తోట. ఆకుల మీద తెల్లటి దుమ్ము. రెండేండ్ల కింద ఆ రైతు ట్రాక్టరు అడ్డం పెట్టి టిప్పర్లు ఆపేసినాడంట. ఎవరూ కేసు పెట్టలేదు. పెద్దాయన పోయి తోట గట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళు చిమ్మే పైపులు వేసినారు, పేలుడుకు ఒక టైం పెట్టుకున్నారు, పంటకు కొంత కట్టినారు. దుమ్ము మాత్రం పూర్తిగా పోలేదు. నేను అడిగితే రైతు "వాళ్ళు మనోళ్ళే సార్" అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, మింగేసిన కోపం ఎంతో నాకు అంతుపట్టలేదు. బయటి కంపెనీ అయ్యుంటే రైతు కోర్టుకు పోయేవాడేమో, పరిహారం కూడా ఎక్కువ దక్కేదేమో. ఊరి కంపెనీ మీద ఊరివాళ్ళు గొంతు ఎత్తలేకపోవడం కూడా ఈ వ్యాపారంలో ఒక భాగమే.

ఫిబ్రవరి 19, బుధవారం. రాత్రి

చాలా ఏండ్లు క్లాసులో చెప్పిన పోరుమామిళ్ళ శాసనాన్ని ఈ రోజు మళ్ళీ తీసినాను. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు మన జిల్లాలోనే కట్టించిన చెరువుది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళకు వంద బండ్లు, రెండేండ్ల పని. లెక్క రాతి మీద ఉంది.

మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు సాధనాలను శాసనం వరసగా చెప్తుంది. ధర్మం తెలిసి, ధనమూ కీర్తి కాంక్షా ఉన్న రాజు మొదటిది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీళ్ళ ఏరు, ఆనుకోవడానికి కొండ, మరీ పొడుగు కాని గట్టి రాతి కట్ట తర్వాత వస్తాయి. ఇంకా దిగువకు వస్తే, నిడుపాటి రాళ్ళు దొరికే గని. చివరిది, పనితనం తెలిసిన మనుషుల గుంపు. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా ఉన్నాయి. వాటిలో కట్ట ఊట కారడం ఒకటి, చౌటి నేల ఒకటి.

యార్డు, క్రషరు చూసొచ్చినాక ఆ జాబితా నాకు వేరేగా కనపడుతోంది. గని గండి అవతల ఉంది. పండితుడి స్థానంలో సీసాల్లో నీళ్ళు పరీక్ష చేసే కోడలుంది. చౌడు గొడవ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పనితనం తెలిసిన మనుషులు పెద్దాయన వెంట ఉన్నారు. లేనిది మొదటి సాధనం, టైముకు డబ్బిచ్చే రాజు. ఆ శాసనం రాయించినవాళ్ళకు కట్టుబడి పని బాగా తెలుసు, అందుకే డబ్బిచ్చేవాణ్ణి మొదట పెట్టినారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఏటి ఒడ్డు పల్లెలో ఒక ఇంటికి స్లాబు వేస్తుంటే చూడ్డానికి పోయినాను. తెల్లవారకముందే టెంకాయ కొట్టి, నిమ్మకాయ కోసి మొదలుపెట్టినారు. మిల్లరు తిరగడం మొదలైతే మధ్యలో ఆపేది లేదు. ఆగితే ఆ చోట అతుకు పడుతుంది, రేపు నీళ్ళు కారేది అక్కడే. సిమెంటు మూట, కంకర, ఇసుక, కొలత నీళ్ళు. బొచ్చెలు చేతులు మారుతూ పైకి పోతున్నాయి. వరసలో సగం ఆడోళ్ళే.

పెద్దాయన మాట్లాడకుండా కమ్మి మీద నడుస్తున్నాడు. ఒకచోట వంగి, కమ్మి కింద కవరు బిళ్ళ లేదని చూపించినాడు. కమ్మికి రేకుకు నడుమ 20 మిల్లీమీటర్ల ఎడం లేకపోతే గాలి, తేమ తొందరగా కమ్మిని చేరతాయి. కొడుకు బిళ్ళ తెప్పించి పెట్టించినాడు. ఇంటాయన ఇదేమీ గమనించలేదు, మధ్యాన్నం కోడికూర ఉడికిందో లేదో చూసుకుంటున్నాడు. స్లాబు రోజు పనోళ్ళందరికీ ఇంటివాళ్ళు భోజనం పెట్టాల.

అన్నం తినేటప్పుడు మాట 2021 నవంబరు వరద మీదికి పోయింది. ఈ ఏరే కిందికి పోయి కమలాపురం దగ్గర పెద్ద వంతెనను కూల్చేసింది. "వంతెన కట్టినోళ్ళు ఎవరో ఊర్లో ఎవురికీ తెలీదు. మేం కట్టిన కాలవ గోడ పడిపోతే మటుకు తెల్లారేలోపల నా వాకిట్లో ఉంటారు" అన్నాడు పెద్దాయన.

నిజానికి వీళ్ళు చేసే పనుల్లో చాలావాటికి వీళ్ళ పేరుండదు. పెద్ద కంపెనీ టెండరు పాడుకుంటుంది, ముక్కలు చేసి ఇలాంటివాళ్ళకు ఇస్తుంది. బోర్డు వాళ్ళది, చెమట వీళ్ళది, తిట్లు కూడా వీళ్ళవే. ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ రెండేండ్లని రాసుంటుంది. ఆ లోపల ఏదైనా చెడిపోతే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాల. "మాకు అది కాలమంతా ఉంటాది సార్. నాలుగు రోడ్ల కాడ టీ తాగాలంటే నేను కట్టిన రెండు మిద్దెల ముందర్నించే పోవాల. ఒకదాంట్లో వంటింట్లో నీళ్ళు కారతాండాయి. పదకొండేండ్లయింది కట్టి. పోయి చేసొచ్చినా." ఎందుకు చేసినావని నేనడగలేదు. ఆయనే అన్నాడు, "టీ తాగాల గదా."

మార్చి 4, మంగళవారం

ఏటి ఒడ్డు పల్లె స్లాబుకు పోసిన ఏడో రోజు దిమ్మెలు మొన్న ఆదివారం నలిపినారు. ఆ వయసుకు రావాల్సిన బలం, అంటే మూడింట రెండు వంతులు, దాటినాయి. జాకీలు మాత్రం 14 రోజులు కాకుండా తీయరంట, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు చాలని కోడ్ పుస్తకంలో ఉన్నా. ముద్దనూరు థర్మల్ బూడిద లాంటిది కలిపిన సిమెంటు నిదానంగా గట్టిపడుతుంది. దానికి నీళ్ళు కూడా 10 రోజులకు తక్కువ కొట్టకూడదు. మా ఎండకు అది కూడా చాలదని పెద్దాయన లెక్క. స్లాబు మీద మట్టితో చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెట్టినారు.

సాయంత్రం చిన్నకొడుకు వెంచర్ గురించి చెప్పినాడు. పులివెందుల రోడ్డులో పొలం తీసుకుని ప్లాట్లు వేయాలని. కట్టుబడిలో మిగిలేది తక్కువ, భూమిలో ఎక్కువ. అప్పు దొరుకుతుంది కూడా. పెద్దాయన వినీ విననట్టు ఉన్నాడు.

జపాన్‌లో కొంగో గుమి అనే కంపెనీ కథ నాకు గుర్తొచ్చి చెప్పినాను. 578లో బౌద్ధాలయం కట్టడానికి పెట్టిన కుటుంబ సంస్థ. వాళ్ళు పెద్దకొడుకే నడపాలని పట్టు పట్టలేదు, పని తెలిసినవాళ్ళను ఎంచుకున్నారు. 1930లలో 37వ యజమాని చనిపోతే ఆయన భార్య పగ్గాలు పట్టింది. యుద్ధాలు, కరువులు దాటుకుని పద్నాలుగు వందల ఏండ్లు గుళ్ళు కడుతూ నిలబడింది. 1980లలో భూముల ధరలు పెరుగుతుంటే అప్పులు చేసి అందులో పెట్టింది. ధరలు పడిపోయినాయి, అప్పు మిగిలింది. 2006లో ఇంకో కంపెనీలో కలిసిపోయింది. వాళ్ళు కట్టిన గుడి చెడిపోయి పోలేదు, కట్టని భూమి వల్ల పోయినారు.

చిన్నకొడుకు కాసేపు ఊరుకుని, "ఎన్‌సీసీ 1978లో, మేఘా 1989లో చిన్న కంపెనీలుగానే మొదలైనాయి సార్. వాళ్ళ మాదిరి పెరగాలంటే?" అని అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. ఎదిగినవాళ్ళు ఊరు దాటిపోయినారు. వాళ్ళ పని వాళ్ళ ఇంటి ముందర ఉండదు. ఊరు దాటకుండా ఎదిగే దారి నాకూ తెలియదు. కోడలు లోపలినుంచి, "గుడి కట్టే కంపెనీని ఆమె నడిపిందా సార్?" అని ఆ ఒక్క సంగతే మళ్ళీ అడిగింది.

మార్చి 23, ఆదివారం

ఇరవై ఎనిమిదో రోజు. మొదటి దిమ్మె 560 కిలోన్యూటన్ల దగ్గర చిట్లింది. అంటే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు, కావాల్సింది 20. మిగతావి కూడా దాటినాయి. కోడలు రిజిస్టరులో రాసి నాతో కూడా సంతకం పెట్టించింది. ఆ ఇల్లు నాది కాదు గదా అంటే, "మీరు చూసినారు గదా" అంది.

మా ఇంటి పని వీళ్ళకే ఇస్తున్నాం. ఉగాది 30న, ఆ తర్వాత మంచిరోజు చూసి మిద్దె దింపుతారు. బాగున్న దంతెలు తీసి పక్కన పెట్టాలని, గోడల రాయి పునాదికి వాడాలని చెప్పుకున్నాం.

ఒప్పందం దగ్గర మామాకోడళ్ళకు మాటామాటా వచ్చింది. స్లాబు కారితే ఐదేండ్లదాకా సొంత ఖర్చుతో బాగుచేస్తామని ఆమె రాసింది. కమ్మి, సిమెంటు, నీళ్ళ పరీక్షల నకళ్ళు ఇంటివాళ్ళకు ఇస్తామని కూడా. పెద్దాయనకు రోషం వచ్చింది.

"వాళ్ళ మిద్దె మా నాయన కట్టినాడు. నేనుండంగా కాయితమెందుకమ్మా?"

"మీరుండంగా అక్కర్లేదు మామా. మీ మనవడు బెంగుళూర్లో ఉండాడు, వానికి నాలుగు రోడ్ల కాడ టీ తాగే పని లేదు."

ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన కళ్ళద్దాలు తెప్పించుకుని కాయితమంతా చదివినాడు. ఐదు కొట్టేసి ఏడు చేయమన్నాడు. కోడలు రేటు వైపు చూపించింది. కడాకు ఐదే ఉంది, ఇద్దరూ సంతకాలు పెట్టినారు.

రాత్రి తమ్ముడికి కాయితం ఫొటో పంపించినాను. "ఎందుకన్నా ఇదంతా, ఆయన మాట చాలదా?" అని అడిగినాడు. ఆయనకు డెబ్బై మూడేండ్లు, ఇల్లు ఇంకో అరవై ఏండ్లు నిలవాల, అని జవాబు రాసినాను.